పరీక్ష రోజు తలకాయనొప్పి

మా ఆయనకు షుగరొచ్చి ఆరేండ్లయింది. ఆయనకు షుగరొచ్చింది, నాకు కోపమొచ్చింది. రెండూ తగ్గుతలేవు.

నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడకు షేరాటో నడుపుతడు. మూడు నెల్లకోసారి మిర్యాలగూడలనే రక్త పరీక్ష. ఆ రోజొచ్చిందంటే చాలు, తువ్వాల నెత్తికి బిగించి కట్టుకొని, చెమటలు కక్కుకుంట ఇంటికొస్తడు. ఏమైందయ్యా అంటే "తలకాయ నొస్తున్నది, ఎండ" అంటడు. మబ్బు పట్టిన రోజు గూడ ఎండేనా?

మా ఆడబిడ్డ దిష్టి అన్నది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసిన. ఆ ఘాటుకు నాకు దగ్గొచ్చింది గని ఆయన నొప్పి పోలే. కండ్లద్దాలు మార్పిచ్చిన. ఏం ఫాయిదా లేదు. రిపోర్టు మాత్రం మంచిగనే వస్తది. "సూడు, ఎంత కంట్రోల్‌ల ఉన్నదో!" అని కాయితం నా మొకం ముంగట ఊపుతడు. మొదట్ల ఒకసారి ఎక్కువొచ్చింది. అప్పుడు "అన్నం తింటున్నవా, గడ్డి తింటున్నవా!" అని ఆడబిడ్డ ముంగట్నే తిట్టిపోసిన. అప్పటిసంది మంచిగనే వస్తున్నది గదా, నా నోటికి భయపడి తిండి సక్కబెట్టుకున్నడని మురిసిన.

పోయిన నెల పరీక్షకు నేను గూడ ఎంబడి పోయిన. రక్తమిచ్చినంక ఏమన్న తినొద్దా? గిరాకి దొరికిందని బండి తీసిండు. సాగర్ కాలువ పక్కకొచ్చేసరికి హ్యాండిల్ మీద చేతులు వణుకుతున్నయి. బండి రోడ్డు దిగి కాలువ దిక్కు పోతున్నది. "బ్రేకెయ్యి!" అని నేను ఒర్రిన ఒర్రుడుకు ఎట్లనో ఆపిండు. ఎనుక ఆరుగురున్నరు. ఒకామె ఒళ్లె చంటిపిల్ల.

ఎక్కినోళ్లల్ల దవాఖాన్ల పనిచేసే ఒక నర్సమ్మ ఉన్నది, మా అదృష్టం. ఎవరిదో సంచిలకెంచి చక్కెర తీసి ఆయన నోట్లె పోసింది. "ఎప్పుడు తిన్నవన్నా?" అని అడిగింది. ఆయన తల దించుకొని చెప్పిండు. బయట తిన్ననని నాకు అబద్ధం చెప్పి, రెండు రోజులసంది అన్నం ముట్టలేదట. గోళీలు మాత్రం వేళకు మింగిండట. ప్రతి పరీక్షకు గిదే పనట!

"షుగర్ పెరిగినా తల నొస్తది, పడిపోయినా నొస్తది. గోళీలేసుకొని పస్తులుంటే పడిపోదా?" అన్నది నర్సమ్మ. వణుకు ఆగేదాంక ఉండి, అందరితోని ఇంకో ఆటో ఎక్కిపోయింది.

ఇగ నేను మొదలువెట్టిన. "డాక్టర్‌నే మోసం చేస్తవా? చంటిపిల్లను కాలువల ఏస్తుంటివి గదయ్యా! డాక్టరంటే గంత భయమా?"

"డాక్టర్ ఏమంటడే? గోళీ మారుస్తడు, గంతే," అన్నడు మెల్లగ. "ఎక్కువొస్తే మూడు నెల్లు కంచం కాడ నీతోని మాటలు పడాలె గదా."



ఇంటికొచ్చి అన్నం పెట్టిన. ముద్ద కలిపి, నోట్లె పెట్టుకునే ముందు నా మొకం దిక్కు సూసిండు. ఆరేండ్లసంది గట్లనే సూస్తున్నడేమో. నేను ఆ రోజే సూసిన.