జీతగాడు అన్న మాటతో పోర్ట్‌లీష్ దాకా

లాక్‌డౌన్‌లో డబ్లిన్‌లో నా గదిలోనే ఉండి ఆన్‌లైన్‌లో ఐరిష్ భాష నేర్చుకున్నాను. మా టీచరు మోయిరా ఆ భాషలో ఒక కవిత రాశారు. పిరమిడ్ల కాలం నుంచి చెరకు తోటల దాకా మనుషులు మనుషులను బానిసలుగా చేసుకున్న కథంతా అందులో ఉంది. ఆంక్షలు సడలగానే దాన్ని పోర్ట్‌లీష్ అనే ఊళ్ళో ఒక తోటలో పలు భాషల్లో చదవాలనుకున్నారు. తెలుగు నా వంతు.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి పోర్ట్‌లీష్‌కు రైల్లో దాదాపు గంట. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే చవక. సీటు వదిలి సీటు కూర్చోవాలి. రైలు కదిలాక నల్గొండ దగ్గర ఊళ్ళో ఉన్న మా నాయినకు ఫోన్ చేసి నా అనువాదం చదివాను.

"బానిస అంటే ఎవలు బిడ్డా?"

"నువ్వు పటేలింట్ల జీతమున్నవ్ గద, అసొంటోళ్ళు."

అప్పు కింద ఒకరింట్లో ఏళ్ళ తరబడి కట్టుబడి చాకిరీ చేయడాన్ని మా వైపు జీతం ఉండటం అంటారు.

"మరి జీతగాడని రాయకపోయినవా?" అని నవ్వాడు. "నీకు సుత ఆఫీసుల జీతమే గద. నువ్వేమైతవ్ మరి?"

ఆయనే మళ్ళీ, "ఆడ మనోళ్ళుంటరా? నా ముచ్చట తియ్యకు" అన్నాడు. సరేనన్నాను. అంతలో సిగ్నల్ పోయింది.

స్టేషన్‌కు మోయిరా వచ్చారు. తోటకు నడుస్తూ, బానిస, జీతగాడు రెండింటి అర్థాలూ చెప్పి ఆమెను అడిగాను, ఏ మాట చదవాలని.

"ఐరిష్‌లో బానిసను స్క్లావీ అంటాం. మట్టి పని చేసే మా నాన్ననూ స్క్లావీ అనేవాళ్ళు. ఏ అర్థంలో అన్నారో నాకిప్పటికీ తెలీదు. నీకు ఏది తోస్తే అది చదువు, గ్రాండ్." పరవాలేదు అనడానికి ఇక్కడివాళ్ళు గ్రాండ్ అంటారు.

చదివేటప్పుడు నోటికి జీతగాడే వచ్చింది. అయిపోయాక అక్కడి ఆసుపత్రిలో పనిచేసే ఒక గుంటూరు అంకుల్ దగ్గరికొచ్చారు.

"బాగుందమ్మా. జీతగాళ్ళంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళేగా?"

"కాదంకుల్, మీ వైపు పాలేరంటారే, అట్లాంటిది."

"అబ్బో, పాత మాట. నీకెలా తెలుసు?"

"మా నాయిన జీతగాడే."

"ఏంటమ్మా? వినపళ్ళేదు."

మాస్కు కిందికి లాగి మళ్ళీ చెప్పాను.

తిరుగు రైల్లో ఎంత ఆలోచించినా, నాయినకిచ్చిన మాట తప్పానో, జీతగాడని ఆయన ఇచ్చిన మాటనే నిలబెట్టానో తేలలేదు. నాకొచ్చేదాన్నీ, ఆయన ఉన్నదాన్నీ జీతమనే ఒకే మాటతో ఎందుకు పిలుస్తామో కూడా తెలియలేదు. దిగాక నాయినకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అంతా విని, "అందరికి ఇనబడ్డదా?" అని అడిగాడు.

మీరూ ఇలా చదవడానికి వెళ్తుంటే, రైలెక్కకముందే ఇంటివాళ్ళకు చదివి వినిపించండి. దారిలో సిగ్నల్ నిలవదు.