పాత బొబ్బిలి చీరతో నరసమ్మ జాకెట్టు

2022లో, టాటానగర్ దగ్గర మా సీతారాండేరా పేట తెలుగువాళ్లు అమ్మవారి పూజకి చందాలు పోగుచేస్తున్న రోజుల్లో, అప్పలనరసమ్మ నా కుట్టు దుకాణానికి ఒక మూట పట్టుకుని వచ్చింది. దుకాణమంటే మా ఇంటి ముందు గదే. పాత బట్టలు విప్పి కొత్తగా కుట్టడంలో నాకు కాస్త పేరుంది. పాతగుడ్డ పని కొత్తగుడ్డ పనికన్నా కష్టం. వెలుగుకి పట్టి, ఎక్కడ చివికిందో, ఎక్కడ ఇంకా బలముందో చూసుకుని మరీ కత్తెర పెట్టాలి.

నరసమ్మ భర్త టాటానగర్‌లో రైల్వే పని చేస్తాడు. అత్తగారు పైడమ్మ అత్తే కాదు, మేనత్త కూడా, మేనరికం సంబంధం. ఇంటర్ చదివే కూతురు జ్యోతి. నరసమ్మకి కడుపులో రాళ్లకి ఆపరేషన్ అయిందని వీధిలో అందరం విన్నాం. నేనూ నమ్మాను.

మూట విప్పకుండానే రెండు కొత్త జాకెట్లు నా ముందు పడేసింది.

"ఇవి సాక్చీ బజార్లో టైలరు మాస్టరు కుట్టాడక్కా. ఒకటీ పట్టనేదు. అడిగితే, నాప్ తో సహీ హై అంటాడు."

కొలత సరిగ్గానే ఉంది మరి. ఆమె ఇచ్చిన ఆది జాకెట్టు, అంటే కొలతకి నమూనాగా ఇచ్చే పాత జాకెట్టు, అచ్చు అలాగే ఉంది. మా వాళ్లలో ఒంటికి టేపు పెట్టించుకునే ఆడది తక్కువ. ఆది ఇస్తాం, జాకెట్టు తెచ్చుకుంటాం. మారింది ఒళ్లు. ఆ మాట మగ మాస్టరుతో ఎలా చెప్తుంది?

తలుపు వేసి పైట తీసి చూపించింది. కుడి రొమ్ము లేదు. అక్కడి చర్మం కరెంటు పెట్టడం వల్ల, అంటే రేడియేషన్ వల్ల, కమిలి నల్లబడింది. కుడిచెయ్యి భుజం నుంచి మోచేతి దాకా వాచి ఉంది. కడుపులో రాళ్లు కావు, రొమ్ము క్యాన్సర్.

"అమ్మోరికి ఘటం ఎత్తుతానని ఆసుపత్రిలో మొక్కుకున్నానక్కా. మా అత్తేమో, కోత పడిన ఒళ్లు అమ్మోరికి పనికిరాదు, కూకో ఇంట్లో అంటంది. ఎవులికీ తెలకుండా ఎత్తాల. నిండుగా ఉన్నట్టు కుట్టగలవా?"

ఆమెకి కావలసింది ఆ ఒక్కరోజు. నలుగురిలో ఒకర్తెలా ఘటం, అంటే అమ్మవారి కుండ, నెత్తిన పెట్టుకుని వీధి తిరగాలి.

కష్టం ఎక్కడంటే, పైట ఎడమ భుజం మీద పడుతుంది. పోయింది కుడివైపు, పదిమందికీ కనబడే వైపు. పైగా ఘటానికి కుడిచెయ్యే ఎత్తి పట్టాలని పట్టుపట్టే ముసలమ్మలు మా పేటలో ఉన్నారు. ఇక కొత్తగుడ్డ గంజి ఆ చర్మానికి సూదుల్లా గుచ్చుకుంటుంది. అందుకే మూట తెచ్చింది. వాళ్లమ్మ కట్టి కట్టి వదిలేసిన మెరూన్ బొబ్బిలి నేతచీర, భర్త పాత పంచె, మెత్తబడిన దుప్పటి ఒకటి.

చీర నడుమ చివికిపోయింది, అంచుల వైపు గట్టిగా ఉంది. పై గుడ్డకి ఆ చీర, లోపలికి పంచె. నడుం దాకా వచ్చే కోటు జాకెట్టు, ముందువైపు హుక్స్. చంకలో గసెట్ వేశాను. అది పలకలా ఉండే చిన్న ముక్క. అది ఉంటే చెయ్యెత్తినా గుడ్డ లాగదు. గరుకు అంచులేవీ ఒంటికి తగలకుండా కుట్లన్నీ లోపలికి మడిచాను. కుడివైపు లోపల జేబు పెట్టి, అందులో దుప్పటి గుడ్డతో కుట్టి, దూదీ ఆవాలూ నింపిన సంచి. దూది ఒక్కటే అయితే పైకి జారిపోతుంది, ఆవాల బరువు కిందికి పట్టి ఉంచుతుంది.

తొడుక్కుని అద్దంలో చూసుకుంది. పక్కకి తిరిగింది, చెయ్యెత్తింది, మళ్లీ ఎత్తింది.

"ఓలమ్మ! మా అమ్మ సీర బతికొచ్చినట్టుందక్కా!"

పూజ రోజు ఎండ పేలుస్తోంది. నరసమ్మ ఘటంతో బయల్దేరినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. అయితే ఘటం ఎత్తిన ఆడవాళ్లకి గడపగడపకీ నిలువునా పసుపునీళ్లు పోస్తాం. ఏటా నేనూ పోసేదాన్నే. కుట్టినన్నాళ్లూ నా కళ్లముందు పొడిగుడ్డే ఉంది కానీ, తడిస్తే ఏమవుతుందన్నది తట్టనే లేదు. మా గడప ముందుకొచ్చేసరికి ఆ పాతచీర జాకెట్టు ఒంటికి అంటుకుపోయింది. ఆవాలు నీళ్లు తాగి బరువెక్కాయి. కుడివైపు సంచి నడుం దాకా వేలాడింది. ఎదురుగా ఉన్నవాళ్లు అంతా చూశారు. డప్పు ఒక్కటే మోగుతోంది.

పైడమ్మ వెనక నుంచి చూసి, మొహం తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది.

నరసమ్మ కుడిచెయ్యి ఘటం మీద నుంచి తియ్యలేదు. ఎడంచేత్తో పై హుక్ విప్పి, ఆ సంచి బయటికి లాగి నా చేతిలో పెట్టింది.

"పట్టుకో అక్కా. బరువుగుంది."

పక్కింటి కోడలు చెంబు పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది.

"పొయ్యవేటే?" అంది నరసమ్మ. అప్పుడా కోడలు పోసింది. వీధి చివరిదాకా ఘటం దించకుండా నడిచింది మహాతల్లి. నేను ఆ తడిసంచి పట్టుకుని అందరిముందూ ఏడ్చాను.

మర్నాడు వచ్చి ఆ జేబు తీయించేసుకుంది. కుడివైపు బల్లపరుపుగా బిగించి ఇచ్చాను. ఇక ఆమెకి వేరే జాకెట్టు నచ్చలేదు. బజారుకీ అదే, ఆసుపత్రికీ అదే. తడిపి ఆరేస్తే ఆరేదాకా దండెం దగ్గరే కూర్చునేదని జ్యోతి నవ్వుతూ చెప్పేది. జబ్బు తిరగబెట్టాక మనిషి చిక్కిపోతుంటే, వచ్చినప్పుడల్లా పక్క కుట్లు లోపలికి వేస్తూ పోయాను. ఒకరోజు, "ఇంక కుట్టడానికి గుడ్డుందేటక్కా?" అంది. ఉందని అబద్ధమాడాను. మరుసటి ఏడు పూజ రాకముందే పోయింది.

ఆ చలికాలంలో పైడమ్మ వచ్చింది.

"తలుపెయ్యి సత్తివతీ. ఇక్కడ ఒరుసుకుంటంది. నాకూ వదులుగా ఒకటి కుట్టు."

చూశాను. ఎడమ రొమ్ములో రాయిలాంటి గడ్డ.

"ఎన్నాళ్లయింది పిన్నీ?"

"నరసమ్మకి రాకముందు నించీ ఉంది. నొప్పి నేదు కదాని ఊరుకున్నాను."

జాకెట్టు హుక్స్ పెట్టుకుంటూ ఆవిడే మళ్లీ అంది.

"మొదటిపాలి దాని గుండెల మీద సిన్న గడ్డ సూపిత్తే దాక్టరమ్మ అడిగింది, మీ ఇంట్లో ఆడోలికి ఎవులికైనా ఇలగుందేటి అని. నాను అత్తనే కాదు, రగతం పంచుకున్న మేనత్తని, పక్కనే కూకున్నాను. నేదని నానే సెప్పాను. ఎవులికీ నేదంటే బయమక్కర్నేదు, తరవాత సూద్దామంది. ఇంక ఎల్లనేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ముసలిదని కూడా చూడకుండా చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఆవిడ ఆ గడ్డ మీద చెయ్యి అదిమిపెట్టుకుని కూర్చుంది. టేపు పక్కన పడేసి, జ్యోతికి ఫోన్ చేసి, ఆటోలో ఇద్దర్నీ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. ముదిరిపోయిందన్నారు.

డాక్టరు హిందీలోనే అడిగింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. పైడమ్మ తల వంచేసింది.

"మా కో థా. దాదీ కో హై," అంది జ్యోతి, బయట బెంచీల మీద ఉన్నవాళ్లకి కూడా వినబడేంత గట్టిగా. "అబ్ మేరా భీ దేఖ్ లీజియే."

అమ్మకి ఉండేది, నాన్నమ్మకి ఉంది, ఇప్పుడు నాదీ చూడండి. ఇంకా పద్దెనిమిది నిండని పిల్ల.

ఆ తర్వాత ఆసుపత్రి నుంచి మూటలతో వచ్చే ఆడవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు. సంచి పెట్టమంటే పెడతాను, వద్దంటే బల్లపరుపుగా కుడతాను. అది వాళ్ల ఇష్టం. ముందు మాత్రం ఒక మాట అడుగుతాను: "ఇంట్లో ఆడపిల్లలకి చెప్పావా?" చెప్పలేదంటే మూట కట్టి చేతికిచ్చేస్తాను. చెప్పి వచ్చాకే కత్తెర పట్టుకుంటాను.