రిబుల్ నదిలో చీలమండ లోతు

మొన్న శనివారం వానలో, లీసెస్టర్‌లోని మా వీధికి పొడుగు స్కర్టులు వేసుకుని, ఛాతీ మీద నల్లటి పేరుబిళ్ళలు పెట్టుకున్న ఇద్దరమ్మాయిలు వచ్చి తలుపులు తట్టారు. మా కోడలు మర్యాదగానే వద్దని పంపేసి, వాళ్ళు మోర్మన్ మతప్రచారకులట అని నాకు వివరించబోయింది. నాకు వాళ్ళ సంగతి తెలుసన్నాను. ఎలా తెలుసో కోడలికి చెప్పలేదు గాని, మన ఈడువాళ్ళు మీరు, మీకు చెబుతాను.

అప్పట్లో నేను ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేసేదాన్ని. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన నాకు, డ్యూటీల రోటాలో రెండు షిఫ్టుల మధ్య దొరికే ఖాళీలో బస్‌స్టాప్ పక్కనున్న లైబ్రరీయే కాలేజీ. హోమ్‌లో ఒక పెద్దావిడకు నేను తల దువ్వుతుంటే, వాళ్ళ ముత్తవ్వ అక్క ఒకామె మోర్మన్లలో కలిసి లివర్‌పూల్‌లో ఓడెక్కి అమెరికా వెళ్ళిపోయిందనీ, మళ్ళీ కబురు లేదనీ చెప్పింది. ఆ మాట పట్టుకుని లైబ్రరీ ఆవిడను అడిగితే, వేరే ఊళ్ళ నుంచి కూడా పుస్తకాలు తెప్పించి పెట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఆ బోధ విని ప్రెస్టన్ నూలుమిల్లుల్లో పనిచేసే పేదవాళ్ళు రిబుల్ నదిలో మునిగి బాప్తిస్మం తీసుకోవడం, హెర్‌ఫర్డ్‌షైర్ రైతులు పొలంలోని చెరువులోనే మునగడం, తర్వాత ఉన్న ఊరు వదిలి ఓడలెక్కడం, అన్నీ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. వాళ్ళ సిద్ధాంతం నాకు అప్పుడూ ఒప్పుదల కాలేదు, ఇప్పుడూ కాదు. కానీ తెనాలి నుంచి వచ్చి పరాయి ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తున్న నాకు, ఆ ఓడెక్కినవాళ్ళు పరాయివాళ్ళుగా తోచలేదు. ఆ చోట్లు కళ్ళారా చూడాలనిపించింది.

మా ఆయన ఎందుకని అడగకుండా కారు తీశాడు. పులిహోర, ఫ్లాస్కులో టీ, రెండు రోజుల సెలవు. హెర్‌ఫర్డ్‌షైర్ చెరువులో బాతులు తప్ప ఎవరూ లేరు. మర్నాడు ప్రెస్టన్‌లో చెప్పులు విప్పి రిబుల్ నదిలో అడుగుపెడితే చలి ఎముకను పట్టుకుంది. ఉతికినవాటిలో మిగిలింది తెల్ల చుడీదారే కాబట్టి అదే వేసుకున్నాను. మా ఆయన ఫొటో తీసి, క్షేమంగా ఉన్నామని, మేం ఆదివారాలు ప్రార్థనకు వెళ్ళే తెలుగు ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

తెల్లబట్టలు, నది, నీళ్ళలో నిలబడ్డ మనిషి. మన సంఘాల్లో పెరిగినవాళ్ళకు దానికి ఒకటే అర్థం. మేం లివర్‌పూల్ రేవు చేరేసరికే ఫోన్లు మొదలయ్యాయి. మన సంఘాలు క్రైస్తవులుగానే ఒప్పుకోని మోర్మన్లలో నేను రెండో బాప్తిస్మం తీసుకున్నానని ఖాయమైపోయింది.

ఆదివారం పాస్టరమ్మగారు నన్ను పక్కకు పిలిచారు. ఆరాధనలో సాక్ష్యాల సమయంలో అందరి ముందూ లేచి తప్పయిందని చెప్పకపోతే నా సండే స్కూలు క్లాసు వేరేవాళ్ళకు ఇస్తారట. పదకొండుమంది పిల్లలు. వారమంతా ఇతరుల పక్కలు సర్దే నేను, ఆ ఒక్క గంటా టీచరమ్మను.

"నువ్వు మునగలేదని నాకు తెలుసమ్మా. ఒక్కమాట అనేస్తే పోయేదేముంది?" అన్నారావిడ, నిజంగా నా మేలు కోరే.

సాక్ష్యాలప్పుడు లేచి నిలబడ్డాను. "అందరికీ వందనాలు. ఆ నీళ్ళు నా చీలమండ దాటలేదు. చీలమండకు బాప్తిస్మమిచ్చే సంఘం ఎక్కడైనా ఉంటే చెప్పండి, అదీ చూసొస్తాను." వెనక వరసలో ఒక బ్రదర్ నవ్వితే భార్య మోచేత్తో పొడిచింది. "చదివాను, చూశాను. చదవడమంటే చేరడం కాదు. దీనికి క్షమాపణ అడగను."

క్లాసు పోయింది. ఇంటికొస్తూ మా ఆయన, ఈసారి ఎర్రచీర కట్టుకోమని మాత్రం అన్నాడు.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. ఇప్పుడు పాస్టరు మారారు, హాలు పెద్దదైంది, పిల్లలు ప్రసంగం నడుస్తుండగానే ఏ మతం సంగతైనా ఫోన్లో చూసేస్తారు, ఎవరూ నిలబెట్టి అడగరు. మంచిదే. అయితే నువ్వేం చదువుతున్నావని ఆసక్తిగా అడిగేవాళ్ళు కూడా లేరు. క్లాసు తిరిగిమ్మని నేను అడగలేదు, ఆ ఒక్కమాటా ఇప్పటికీ అనలేదు, అనను. ఆ పదకొండుమందీ పెద్దవాళ్ళై, కనబడితే ఇంగ్లీషులో పలకరించి వెళ్ళిపోతారు. బైబిల్లో యోసేపును అన్నలు గుంటలో తోసిన దగ్గర మా పాఠం ఆగింది. మరుసటి వారం అతన్ని పైకి లాగింది నా క్లాసు తీసుకున్న ఇంకో సిస్టర్. ఎలా లాగిందో, పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారో లేదో, ఆ ఒక్కటీ ఏ పుస్తకంలోనూ దొరకలేదు నాకు.