ఫిక్రియా చెయ్యి

కైరోకి దూరంగా ఒక పల్లెలో, ఫిక్రియా ఉండే వీధిలో పదకొండు ఇళ్లకు ఒకటే రొట్టెల పొయ్యి. అది ఫిక్రియా దొడ్లో ఉంటుంది. పిండి ఎవరిది వాళ్లే కలుపుకుంటారు. మట్టి పళ్లేల మీద ముద్దలు పెట్టి, మిద్దె మీద ఎండలో పొంగబెట్టి, నెత్తిన పెట్టుకుని తెస్తారు. పొయ్యిలోకి తోసేది మాత్రం ఫిక్రియాయే. ఇంకొకరు తెడ్డు ముట్టుకుంటే ఆమెకు ఒళ్లు మండుతుంది.

పొయ్యి కాలిందో లేదో చూడటానికి ఆమెకు అత్తగారు నేర్పిన పద్ధతి ఒకటుంది. కుడి చెయ్యి మోచేతి దాకా పొయ్యి నోట్లో పెట్టి ఫాతిహా ప్రార్థన మొదలుపెట్టాలి. "మమ్మల్ని సరైన దారిలో నడిపించు" అనే చోటికి వచ్చేసరికి వేడి పట్టలేక చెయ్యి లాక్కోవలసి వస్తే పొయ్యి సిద్ధమైనట్టు. ఆ మాట రాకముందే లాక్కుంటే మంట ఎక్కువైంది, కాసేపు ఆగాలి. ఆమీన్ దాకా తీరిగ్గా చదవగలిగితే ఇంకా కాలలేదు, జొన్న దంటు వెయ్యాలి. ముప్పై ఏళ్లుగా ఆ వీధి వీధంతా ఈ లెక్క మీదే తింటోంది.

ఫిక్రియా పదహారేళ్ల వయసులో కాలవ అవతలి నుంచి కోడలిగా వచ్చింది. మొదటి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోవాడైనా దక్కాలని, పిల్లలు నిలవని ఇళ్లలో పెంటయ్య అని పెట్టుకున్నట్టు, వాడికి షెహాతా అని పేరు పెట్టింది. షెహాతా అంటే బిచ్చం. వాడు దక్కాడు, మొగుడు దక్కలేదు. చెరుకు బండి తిరగబడి పోయాడు. ఆనాటి నుంచి ఆమె పేరు వీధిలో ఎవరికీ పట్టలేదు, అందరికీ షెహాతావాళ్లమ్మే. పొయ్యి దగ్గర ఒక్కో ఇల్లు వదిలిపెట్టే ఒక్కో రొట్టెతో కొడుకుని పెంచింది. నోరు మంచిది కాదు. ఆ సంగతి ఆమే ఒప్పుకుంటుంది. "నోరు మంచిదైతే నన్ను ఈపాటికి నమిలి మింగేసేవాళ్లు" అంటుంది.

పోయిన చలికాలం దగ్గు పట్టుకుంది. దగ్గులో రక్తం కనపడ్డాక షెహాతా బలవంతాన జిల్లా ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. క్షయ అన్నారు. మందులు ఇచ్చి, రెండు నెలలు పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు. ఆ రెండు నెలలూ కోడలు రావ్యా తెడ్డు పట్టింది. ఇరవై రెండేళ్ల పిల్ల, మాట తక్కువ, పని ఎక్కువ. రొట్టెలు బాగానే వచ్చాయి. బాగా వచ్చాయని చెప్పడానికి ఎదురింటి నఈమా పనిగట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"మీ కోడలి చేతి రొట్టె తిన్నాక మా ఆయన ఇంకోటి అడిగాడు వదినా! ఎన్నాళ్లకో!"

క్షయ కంటే ఆ మాటే ఫిక్రియాని ఎక్కువ కుంగదీసింది.

మూడో నెలలో, కఫంలో పురుగు లేదని చెప్పాక, ఆమె మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. చెయ్యి లోపల పెట్టింది. సరైన దారి అనే మాట దాటింది, ఆమీన్ కూడా అయిపోయింది, చేతికి ఏమీ కాలేదు.

"ఏమే, పొద్దుట్నుంచి మంటేశావా, దీపం పెట్టావా? వెయ్యి దంటు!"

రావ్యా వేసింది. మళ్లీ ఆమీన్. మళ్లీ వేసింది. వరసలో నిలబడ్డ ఆడవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని చూశారు. జబ్బు నుంచి లేచినందుకు దేవుడు ఆమె చేతికి ఏదో మహిమ ఇచ్చాడని ఒకామె అంది. అంత మంటలో చెయ్యి పెట్టి ప్రార్థన ముగించగలిగిన మనిషిని వాళ్లు ఎప్పుడూ చూడలేదు. ఫిక్రియా లోలోపల పొంగిపోయింది. రొట్టెలు మాత్రం అడుగున బొగ్గులై, లోపల పచ్చిముద్దలై వచ్చాయి.

వారం వారం అదే తంతు. నఈమా ముందు మాట్లాడటం మానేసింది, ఆ తర్వాత పిండి తేవడం మానేసింది. ఆమె వెనక ఇంకో మూడిళ్లు. ఒకరోజు మాడిన రొట్టె తీసి ఫిక్రియా కోడలి కాళ్ల ముందు విసిరికొట్టింది.

"కావాలనే చేస్తున్నావు! అత్త చెయ్యి పాడైందని నలుగురూ అనుకోవాలి, తెడ్డు నీ చేతికి రావాలి, అంతేగా!"

"మీరే వెయ్యమన్నారు కదా అత్తా. నేను వద్దంటూనే ఉన్నాను."

"ఎదురు మాట్లాడతావా? నీ అమ్మ నేర్పిందా?"

అమ్మ మాట ఎత్తడం తప్పు. రావ్యా ఏడవలేదు, అరవలేదు. బట్టల మూట కట్టుకుని కాలవ దాటి పుట్టింటికి వెళ్లిపోయింది. చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చిన షెహాతా ఖాళీ గది చూసి, తల్లితో మాట్లాడకుండా పడుకున్నాడు. అలా మూడు వారాలు గడిచాయి.

ఆ మధ్యలో ఫిక్రియా నెల మందులకు ఆసుపత్రికి వెళ్లింది. రక్తం తీసే మిర్వత్ ఆమెను బల్ల ముందు కూర్చోబెట్టింది.

"క్షయ ఉన్న అందరి దగ్గరా తీస్తున్నాం పెద్దమ్మా. దీని పురుగుకి దాయాది లాంటి పురుగు ఇంకోటి ఉంది. అది ఒంట్లో చేరితే, దాన్ని ఎదిరించడానికి రక్తంలో కొన్ని పదార్థాలు పుడతాయి. వాటి జాడ ఉందేమో చూస్తారు."

"ఏంటా దాయాది?"

మిర్వత్ గొంతు తగ్గించింది. "కుష్ఠు."

ఫిక్రియా చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆమె చిన్నతనంలో మేనమామని కైరో అవతలి కుష్ఠు రోగుల కాలనీకి తీసుకుపోయారు. బండి కదలకముందే ఆమె తల్లి, సొంత తోడబుట్టినవాడు నీళ్లు తాగిన కూజాని గుమ్మంలోనే పగలగొట్టింది. ఆ చప్పుడు ఫిక్రియా ఎప్పుడూ మరిచిపోలేదు.

"ఒకటి ఉందిగా, అది చాలదా? రెండోదాన్ని కూడా పిలిచి పీట వేస్తారా?"

"చూస్తేనే కదా లేదని తెలిసేది. ఉన్నా, ఇప్పుడు మాత్రలతో పోతుంది. నీ ఇష్టం."

చాలాసేపు గొణిగాక కుడి చెయ్యి చాపింది. మిర్వత్ సూది గుచ్చి, నొప్పి పెట్టిందా అని అడిగింది.

"నీ చెయ్యి మంచిదే తల్లీ, గుచ్చినట్టే తెలియలేదు" అంది ఫిక్రియా. మిర్వత్ మురిసిపోయింది.

రెండు వారాలకు రమ్మని కబురు వస్తే మళ్లీ ఆసుపత్రికి వెళ్లింది. డాక్టర్ వగ్దీ సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండే మనిషి. రక్తం తీసిన అరవై మందిలో ఇద్దరికి ఆ జాడ కనిపించిందని చెప్పాడు. జాడ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదనీ, రెండో మనిషిని వెతికి చూస్తే ఏమీ లేదనీ, ఈమెని కూడా ఓసారి చూడాలనీ అన్నాడు. కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చల మధ్య అరచేయంత పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది. ముప్పై ఏళ్ల పొయ్యి మచ్చల్లో దాన్ని ఎవరు పోల్చుకుంటారు?

డాక్టర్ రెండు గాజు గొట్టాలు తెచ్చాడు.

"కళ్లు మూసుకో పెద్దమ్మా. ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు. ఏది వేడిదో చెప్పు."

"నన్నా అడుగుతున్నావు, వేడి గురించి?" అని నవ్వి కళ్లు మూసుకుంది.

మచ్చ మీదా, మోచెయ్యి నుంచి వేళ్ల దాకా ఒకటి ఆనించాడు, తర్వాత రెండోది. "రెండూ చల్లవే" అంది. ఎడమ చేతి మీద ఆనించగానే "అమ్మో!" అని చెయ్యి విదిలించింది. కళ్లు తెరిచేసరికి ఆ గొట్టం మూతి దగ్గర ఆవిరి కనిపించింది.

ఆమె జబ్బు గురించి అడగలేదు. ఆ గొట్టం వంకే చూస్తూ, "అయితే నేను కాలలేదు, కాలలేదు అన్నప్పుడల్లా పొయ్యి కాలే ఉంది" అంది. డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు. ఫిక్రియా ముసుగు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమెకు కుష్ఠు భయం కంటే ముందు కోడలి మొహం గుర్తొచ్చింది.

డాక్టర్ నెమ్మదిగా చెప్పాడు. క్షయకి వేసుకుంటున్న మాత్రల్లో ఒకటి ఈ కుష్ఠునీ చంపేదే, కాబట్టి ఎవరికీ అంటించే భయం లేదు. కానీ ఆ ఒక్కదానితో వదిలేస్తే జబ్బు అణిగి కూర్చుని, ఎన్నేళ్లకో వేళ్లు వంకరపోయాక బయటపడేది. రక్తంలో జాడ దొరకబట్టి ముందే పట్టుకున్నారు. ఇంకో రెండు మందులు కలపాలి, ఏడాది వాడాలి. ఇంట్లో వాళ్లనీ ఓసారి తీసుకురావాలి.

"వేళ్లు నిలుస్తాయా నాయనా?"

"మందులు మానకపోతే నిలుస్తాయి."

"వేడి తెలుస్తుందా?"

"అది మాత్రం మాట ఇవ్వలేను పెద్దమ్మా."

బయట వరండాలో మిర్వత్ ఆమె చెవిలో చెప్పింది. "పేరు చెప్పకు. రక్తం తక్కువైంది, మందులిచ్చారు అను. పల్లెటూరు సంగతి నాకు తెలుసు."

మంచి సలహానే. ఆ సలహా ప్రకారం నడిస్తే వీధి ఫిక్రియాదే, పొయ్యి ఫిక్రియాదే. మాడిన రొట్టెల పాపం మాత్రం జన్మంతా రావ్యా మీదే ఉంటుంది. ఇంటికి వెళ్లే జీపు ఎక్కి, సగం దారిలో దిగి, కాలవ గట్టు పట్టుకుని నడిచింది.

వియ్యపురాలు బద్రియా చేతిలో టీ పళ్లెంతో వచ్చి గుమ్మంలోనే ఆపింది. లోపల ఇద్దరు పొరుగు ఆడవాళ్లు కూరకి ములూఖియా ఆకు తరుగుతున్నారు.

"ఏం వదినా, తిట్టాల్సినవి ఇంకా మిగిలాయా?"

"మిగిలాయి. నన్ను తిట్టాల్సినవి" అంది ఫిక్రియా. అందరికీ వినపడేలా అంది. "మీ పిల్ల ఒక్క రొట్టె కూడా మాడ్చలేదు. మాడ్చింది ఈ చెయ్యి. దీనికి వేడి తెలియడం లేదు. కుష్ఠు అన్నారు. మందు మొదలుపెట్టారు, ఎవరికీ అంటదన్నారు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. పిల్ల తప్పు లేదని చెప్పడానికి వచ్చాను."

ఆకు తరిగే కత్తులు ఆగిపోయాయి. బద్రియా చేతిలోని టీ పళ్లేన్ని తనకు తెలియకుండానే వెనక్కి జరుపుకుంది. ఫిక్రియా అది చూసింది. కూజా పగిలిన చప్పుడు వినిపించింది ఆమెకు. కూర్చోకుండానే వెనక్కి తిరిగింది.

"అత్తా, ఆగండి."

రావ్యా లోపలి గదిలోంచి వచ్చింది. వచ్చి, అత్త కుడి చేతి మీది అంగీ పైకి లాగి, మచ్చని వేలితో తడిమింది.

"పోయిన నెల ఇక్కడ బొబ్బ లేస్తే నూనె రాశాను. నొప్పే లేదన్నారు. నాకప్పుడే తట్టాల్సింది."

"అన్నీ నీకే తట్టాలా? నా చేతి సంగతి నాకు తట్టకపోతే!"

"వస్తే మళ్లీ అరుస్తారా?"

"అరవకుండా ఎలా బతకనే?" అంది ఫిక్రియా, ముక్కు చీదుతూ.

రావ్యా మూట తీసుకుంది. తల్లి పేరు పెట్టి పిలిచినా వెనక్కి చూడలేదు.

కుష్ఠు సంగతి వాళ్లకంటే ముందే వీధికి చేరింది. ఆసుపత్రిలో షెహాతానీ రావ్యానీ పరీక్షించి ఏమీ లేదన్నా, ఆ వారం పొయ్యి దగ్గరికి పిండి తెచ్చింది నాలుగిళ్లే. అందులో నఈమా ఒకతి. "మీ ఇద్దర్లో ఎవరు పెట్టినా సరే, మాడకుండా పెట్టండి తల్లీ" అంటూ పళ్లెం దించింది.

మంట నిలకడైంది. ఫిక్రియా అలవాటు కొద్దీ కుడి చెయ్యి చాపింది. రావ్యా ఆ మణికట్టు పట్టుకుని పక్కకు పెట్టి, తన చెయ్యి లోపలికి పోనిచ్చింది. సన్నగా చదవడం మొదలుపెట్టింది. ఫిక్రియా పొయ్యి వంక చూడలేదు, కోడలి మొహమే చూసింది. ముప్పై ఏళ్లు తన ఒంటికి తెలిసిన వేడి ఇప్పుడు ఆ పిల్ల కనుబొమల్లో కనపడింది.

"మమ్మల్ని సరైన దారిలో..." దగ్గర రావ్యా చెయ్యి లాక్కుంది.

"కాలింది అత్తా" అంది, చెయ్యి ఊదుకుంటూ.

మిగతా ప్రార్థన ఆమీన్ దాకా ఫిక్రియా చదివి, తెడ్డు కోడలికి అందించింది.