డెబ్బై ఏడు అంకెల బావ

మా అక్క మొగుడికి ఏదైనా పెద్దదే కావాలి. ముగ్గురున్న ఇంటికి పెళ్లివంటకి సరిపోయే కుక్కరు కొన్న మనిషి. ఉద్యోగంలోనూ అదే వరస.

ఆయన బృందం తయారుచేసేది డే కేర్ గేటు దగ్గర వాడే యాప్. బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు అనుమతి జాబితాలో ఉన్నారని ఫోనే రుజువు చేస్తుంది, పేరు మాత్రం బయటపెట్టదు. అందులోని లెక్కలన్నీ ఒక ప్రధాన సంఖ్య దాకా వెళ్లి, గడియారం ముల్లులా మళ్లీ సున్నాకు వస్తాయి. ఆ సంఖ్య ఎంతుండాలన్నదే గొడవ. బావ డెబ్బై ఏడు అంకెలది ఎంచారు. ఒక్కో రుజువుకు నలభై సెకన్లు పట్టింది.

"సోమవారానికి ఐదు సెకన్లలోపు రాకపోతే, ఈ పని వేరేవాళ్లకిచ్చేస్తా" అన్నాడు మేనేజరు.

పది అంకెలు చాలన్నవాళ్లను ఆరు నెలలుగా ఎగతాళి చేసిన బావ, ఒక్క పూటలో పది అంకెల భక్తుడైపోయారు. ఇలాంటి లెక్కల పనిలోనే ఉన్న నన్ను ఆదివారం భోజనానికి పిలిచి మరీ చూపించారు.

"చూశావా మరదలా, రెండే సెకన్లు!"

"బాగుంది బావా. మరి దొంగ రుజువును పట్టుకోడానికి మధ్యలో ఓ ప్రశ్న వేస్తారుగా, అదెందులోంచి తీస్తున్నారు?"

"ఆ పది అంకెల్లోంచే. అన్నీ చిన్నవే!"

"అంటే మొత్తం రెండొందల కోట్ల ప్రశ్నలేగా. తనకి పనికొచ్చే ప్రశ్న తగిలేదాకా దొంగ ఇంట్లో కూర్చుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. కంప్యూటర్‌కి అదెంతసేపు? వచ్చేనెల నా మూడేళ్ల పిల్లని చేర్చేది అక్కడే!"



"మొన్నటిదాకా చీమ మీదకి ఏనుగుని తోలారు. ఇప్పుడు ఏనుగుకి చీమని కాపలా పెట్టారా?" అంది అక్క.

"నువ్వు కాసేపు ఊరుకోవే!"

మందు తెలిసిందే. లెక్కలు చిన్న సంఖ్యలోనే చేసి, ప్రశ్నను మాత్రం అలాంటివి నాలుగు కలిపి కట్టిన పెద్ద గుంపులోంచి తీయాలి. ఆయన కింద పనిచేసే అమ్మాయి ఈ ముక్క ఎప్పుడో రాసిచ్చింది. బావ రెండో పేజీ తిప్పలేదు, అంతే. ఎంగిలిచేత్తోనే ఫోన్ అందుకుని స్పీకర్ నొక్కారు.

"అమ్మా, ఆ నోట్ ఇంకోసారి పంపుతావా?"

"పంపుతాను సార్. ఈసారి ఒకే పేజీలో పంపుతాను."

సోమవారం మూడున్నర సెకన్లు వచ్చింది, పని చేజారలేదు. "భద్రత విషయంలో నేనసలు రాజీపడను" అని మేనేజరుతో అన్నారట మా బావ. నేను మాత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేసి, పర్లేదని ఆమె నోట విన్నాకే నా కూతుర్ని చేర్చాను.