మొదట ముట్టే చెయ్యి

డ్రోన్ లేచేటప్పుడు జుమ్మని చప్పుడు వస్తుంది. మరిపెడ రోడ్డు మీద ఆ చప్పుడుకు పిల్లలు మూగుతారు. డ్రోన్ వేడిని పట్టి చూపే నా చేతిలోని తెర మీద కరెంటు తీగలు నల్లగా, వేడెక్కిన అతుకు తెల్లటి చుక్కలా కనిపిస్తాయి. ఆ చుక్క కోసమే మల్లన్న ఉద్యోగమంతా మెడ పైకెత్తి నడిచాడు.

మల్లన్న మా సెక్షన్‌లో సీనియర్ లైన్‌మన్. జనగామ నుంచి కొత్తగా వచ్చిన నాకు స్తంభం ఎక్కడం నేర్పింది ఆయనే. అప్పట్లో ఇళ్లల్లో లైట్లు వెలిగే వేళ తీగల కింద నడుస్తూ, అతుకు ఎక్కడ ఎర్రబడిందో వెతికేవాళ్లం. తెల్లారాక సప్లై ఆపి ఎక్కి చూసేవాళ్లం. సప్లై ఆపాక కూడా మల్లన్నే ముందు ఎక్కి, చేతి వెనుకవైపుతో తీగను తాకి చూసేవాడు. అరచేత్తో తాకితే, కరెంటు ఉన్నప్పుడు పిడికిలి బిగుసుకుపోయి తీగ వదలదు.

"టెస్టర్ ఉన్నది కదన్నా, నువ్వెందుకు ముట్టుడు?" అని అడిగాను ఒకసారి.

"దాన్ని నమ్మి నిన్ను ఎక్కిస్తే, రేపు మీ అవ్వకు నేనేం చెప్పాలె? నేను ముట్టినంకనే మీరు ముట్టుండ్రి."

నాకు ఒళ్లు మండేది. అంత మొండి మనిషిని నేనింకా చూడలేదు.

కురవి వైపు ఒక ఊళ్లో అతుకు కాలుతోందని ఫిర్యాదు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై ఆపాం. మల్లన్న ఎక్కాడు. అదే సమయానికి, కరెంటు పోయిందని ఆ వీధిలోని ఒక పెళ్లింట్లో జనరేటర్ వేశారు. దాని కరెంటు వీధి తీగల్లోకి ఎదురెక్కుతుందని వాళ్లకు తెలియదు. జనరేటర్ ఉన్న సంగతే మాకు తెలియదు. మల్లన్న ఎప్పటిలా చేతి వెనుకవైపే తాకించాడు. తీగ వదిలింది, మనిషి కింద పడ్డాడు. దవాఖానకు చేరకముందే పోయాడు. కాలిన అతుకు పక్క స్తంభం మీద ఉందని తరువాత తెలిసింది. ఆయన ఎక్కనవసరం లేని స్తంభం ఎక్కాడు.

మొన్న మల్లన్న వాళ్ల వీధిలో డ్రోన్ ఎగరేస్తుంటే ఆయన భార్య యాకమ్మ వదినె బయటికి వచ్చింది. తెర మీది చుక్కను చాలాసేపు చూసింది.

"మనిషి ఎక్కకముందే గిది చూపెడ్తదా?"

"చూపెడ్తది వదినె."

"మరి గిన్నొద్దులు ఏడున్నది తమ్మీ గిది?"

కళ్లు తుడుచుకుని పని చూసుకున్నాను.

డ్రోన్ చుక్కను చూపిస్తుంది కానీ బిగించడానికి మనిషే ఎక్కాలి. ఇప్పుడు జనరేటర్లున్న ఇళ్లన్నీ తిరిగి చూసి, తీగలను భూమికి కలిపి ఎర్తు వేశాకే పని మొదలుపెడతాం. అయినా కొత్తవాళ్లు స్తంభం వైపు అడుగు వేయగానే నా నోట్లోంచి అదే మాట వస్తుంది. "ఆగుండ్రి. నేను ముట్టినంకనే మీరు ముట్టుండ్రి."

వాళ్లకు ఒళ్లు మండుతుంది. మండనీ.