గీతలక్క ఎడమచేయి

ఆఫీసులో అందరూ ఆమెను గీతలక్క అనే పిలుస్తారు. సర్క్యూట్ బోర్డుల మీద కరెంటు పారే సన్నటి రాగి గీతలుంటాయి కదా, అవి ఎక్కడ మొదలై ఎలా మలుపు తిరిగి ఎక్కడ ఆగాలో కంప్యూటర్లో గీసి ఇవ్వడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. గీసినవాళ్ళు బోర్డు మూల తెల్లసిరాతో తమ గుర్తు ఒకటి వేసుకోవడం అక్కడి ఆనవాయితీ. ఒకాయన పిల్లి బొమ్మ వేసేవాడు, ఇంకొకాయన తన బట్టతలే వేసుకునేవాడు. గీతలక్క మాత్రం ఏనాడూ ఏమీ వేయలేదు. "నా గీతలు చూస్తే తెలీదా ఏంటి, నేనేనని!" అనేది. పొగరే అనుకోండి, ఆ పొగరుకు తగ్గ పనితనమూ ఉంది.

అలాంటి మనిషికి కుడి మణికట్టు మొరాయించింది. ఇన్నేళ్ళు మౌసు లాగిన చేయి మరి. క్లిక్కు క్లిక్కుకీ ప్రాణం జివ్వుమనేది. డాక్టరు మౌసు పని సగానికి తగ్గించమన్నాడు. ఆఫీసువాళ్ళు ఎడమచేతి కోసం అరచేతంత కీప్యాడ్ తెప్పించారు. పన్నెండు మీటలు. ఏది నొక్కితే ఏ పని జరగాలో మనమే నిర్ణయించుకోవచ్చు. గీత మొదలుపెట్టడానికి ఒకటి, బోర్డు తిరగేసి చూడటానికి ఒకటి, గీతను అవతలివైపుకి దాటించే చిల్లు వేయడానికి ఒకటి, చెరపడానికి ఒకటి, ఇలా. కుడిచేయి చోటు చూపిస్తే చాలు.

చెప్పుకోవడానికి బాగానే ఉంది, ఎడమచేయి మాట వింటేగా! మీట కోసం కిందికి చూసేది, మళ్ళీ తల ఎత్తేసరికి ఏ గీత దగ్గరుందో మరిచిపోయేది. చూడకుండా నొక్కుతానని పంతం పట్టిన రోజు, చిల్లు మీట అనుకుని పక్కనున్న చెరిపే మీట నొక్కింది. ఏడు గీతలు ఒక్క దెబ్బతో మాయం. ఆమె గమనించలేదు, అలాగే సేవ్ చేసి వెళ్ళిపోయింది. మర్నాడు తనిఖీలో బయటపడింది.

మేనేజరు మంచివాడే. అందుకే కాసేపు నీళ్ళు నమిలాడు.

"అక్కా, ఈ నీళ్ళ మోటారు బోర్డు శుక్రవారానికి వెళ్ళిపోవాలి. అప్పటికీ చేయి కుదరకపోతే ఫైళ్ళ సెక్షన్లో కూర్చుందువుగానిలే. జీతం అదే."

జీతం మాట ఎవరడిగారు! గీతలు గీయని గీతలక్క ఇంకేం గీతలక్క? కీప్యాడ్ ఇంటికి తెచ్చుకుని, వంటింటి బల్ల మీద పెట్టుకుని, ఏడ్చినంత పని చేసింది.

అమ్మ నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. కూతురి కన్నీళ్ళను పెద్దగా లెక్కచేసే రకం కాదు. ఆ మీటల్ని ఒకసారి తడిమి చూసింది.

"అన్నీ ఒకేలా నున్నగా ఉన్నాయేమే! ఏది ఏదో నీ వేలికెలా తెలుస్తుంది?"

"మీద రాసుందిగా అమ్మా."

"వేలికి చదువొచ్చా?"

అమ్మ గుండీల డబ్బా, పీలికల మూట దించి జిగురుతో కూర్చుంది. గీత మీటకి మఖమల్ ముక్క. తిరగేసే మీటకి ముతక గోనెగుడ్డ. చిల్లు మీటకి నాలుగు కన్నాల చొక్కా గుండీ. చెరిపే మీటకి మాత్రం వెతికి వెతికి గరుకు కాగితం అంటించింది.

"దీన్ని ముట్టుకుంటేనే చిరాకు పుట్టాలి" అంది.

మర్నాడు ఆఫీసులో నవ్వనివాళ్ళు లేరు. "అక్కా, దానికి ఓ జేబు కూడా కుట్టించాల్సింది" అన్నాడు పిల్లిబొమ్మ ఆయన. మధ్యాహ్నానికి నవ్వులు ఆగిపోయాయి. గీతలక్క చూపు తెర మీంచి దిగడం లేదు. మఖమల్, గుండీ, మఖమల్, గోనె, గుండీ. ఒకసారి వేలు గరుకు కాగితానికి తగిలి తనంతట తనే వెనక్కొచ్చేసింది. ఆమె పైకే నవ్వేసింది. ఎన్నాళ్ళకో చేతిలో పని మళ్ళీ ముద్దొచ్చింది. గురువారం సాయంత్రానికి బోర్డు పూర్తయింది. తనిఖీలో ఒక్క తప్పూ లేదు.

"ఫైళ్ళ సెక్షన్లో నా కుర్చీ ఖాళీయేగా? నా బ్యాగు పెట్టుకుంటా" అంది మేనేజరుతో.

మూడు వారాలకు తయారైన బోర్డులొచ్చాయి. ఒకటి ఇంటికి పట్టుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఒక మూల దగ్గర ఆగిపోయింది. తెల్లసిరాతో చిన్న గుండ్రటి బొమ్మ. లోపల నాలుగు కన్నాలు.

"దారం వేయలేదేమే, ఊడిపోదూ?" అంది. బొటనవేలితో ఆ బొమ్మను మెల్లగా తడిమింది.

మరుక్షణం చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి పక్కింటి తలుపు కొట్టింది.

"ఒకసారి బయటికి రండి. మా అమ్మాయి దీనిమీద నా సంతకం వేసింది!"